తిట్టేవాళ్ళు లేని ఇల్లు

"నీ తప్పేం లేదప్పా" అని ఎవరైనా అన్నారంటే చాలు, ధనంజయకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇరవై మూడేళ్ళవాడు. మనిషి సన్నం, గొంతు పెద్దది. పోయిన మామిడికాయల కాలం దాకా పాకాల పక్కన పల్లెలో నాయన చెంగల్రాయుడితో కలిసి తోట చూసుకుంటూ, ట్రాక్టరు తోలుకుంటూ బతికాడు. ఇప్పుడు తిరుపతిలో బస్టాండు వెనక ఒక లాడ్జిలో దుప్పట్లు మారుస్తున్నాడు. స్టీరింగు ముట్టుకోడు. ఆటో తోలుకోరా, నాలుగు డబ్బులొస్తాయంటే కొట్టడానికి వస్తాడు. తమ్ముడు మునిశేఖర్ ప్రాణం పోయింది తన చేతుల మీదుగానేనని వాడికి తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక్కడంటే ఒక్కడు ఆ మాట మొహాన అనడు. అదీ వాడి కోపం.

ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను, దాచుకుని ఊరించే కథ కాదిది.

మా వైపు తోతాపురి మామిడికాయ అంతా ఒక్కసారే కోతకొస్తుంది. కాయ కొనే జ్యూస్ ఫ్యాక్టరీలేమో కొన్నే. ఇంకేముంది, గేటు బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఒక్కోసారి రెండు మూడు రోజులు అక్కడే తిండి, అక్కడే నిద్ర. ట్రాలీలో కాయ ముగ్గిపోతుంటుంది, రోడ్డు మీద మనిషి మగ్గిపోతుంటాడు. అడిగే నాథుడు లేడు. ఆ ఎండలో నీడంటూ ఉంటే అది ట్రాలీ కిందే. గోనెపట్ట పరుచుకుని అందరూ అక్కడే నడుం వాలుస్తారు. అందుకే ఆ వరసలో ఒక కట్టుబాటు ఉంది. బండి తీసేముందు దిగి, ట్రాలీ రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టి, "కింద ఎవురన్నా ఉండారా?" అని కేకేసి, వంగి చూసి, అప్పుడు ఎక్కాలి. ట్రాక్టరు ఎక్కిన ప్రతివాడికీ ఇది తెలుసు. ధనంజయకూ తెలుసు. ఆ రెండు రోజుల్లో బండి తీసిన ప్రతిసారీ వాడు కొట్టాడు, కేకేశాడు, వంగి చూశాడు. ఒక్కసారి చూడలేదు.

ఆ ఒక్కసారికి ముందు అన్నదమ్ములిద్దరికీ మాటామాటా వచ్చింది. శేఖర్‌కు పదిహేడేళ్ళు, ఇంటరు చదువుతున్నాడు. స్నానం లేదు, ఫోన్లో చార్జింగు లేదు, నేను ఇంటికి పోతానని మొదలుపెట్టాడు. ధనంజయకు అప్పటికే ఎండకు తిక్క లేచి ఉంది.

"పోతే పో! నువ్వుండి ఈడ ఏం పొడుస్తా ఉండావు? మళ్ళా నా కండ్లకు కనిపించినావంటే కాళ్ళిరగ్గొడతా!"

శేఖర్ చెప్పులు టపటపలాడించుకుంటూ టీ అంగడి వైపు వెళ్ళిపోయాడు. బస్సెక్కి పోయాడనుకున్నాడు అన్న. వాడు పోలేదు. టీ తాగాడు, కోపం దిగింది, తిరిగొచ్చాడు. అన్న సీటు మీదే స్టీరింగుకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. లేపితే మళ్ళీ తిడతాడనుకున్నాడో, పోయినట్టే పోయి తిరిగొచ్చానని సిగ్గుపడ్డాడో, చప్పుడు చేయకుండా ట్రాలీ కిందికి దూరి పడుకున్నాడు.

అంతలో లైను కదిలింది. వెనక బండి మేనమామ కుప్పయ్యది. ఆయన హారను మోతెక్కించాడు. "రేయ్ ధనా, లెయ్‌రా! ముందర సందయ్యింది! ఎవుడో ఒగడు దూరేస్తాడు, తియ్యరా బండి!"

ధనంజయ ఉలిక్కిపడి లేచి తాళం తిప్పాడు. దిగలేదు, రేకు మీద కొట్టలేదు, వంగలేదు. బండి ముందుకు పోయింది. ఆ తర్వాత వినిపించిన కేక గురించి నేను రాయను.

పోలీసులొచ్చే లోపలే కుప్పయ్య మామ మాట తయారు చేసి పెట్టాడు. "నేల వాలుగా ఉండాది సార్. చక్రానికి రాయి పెట్టలేదు. ట్రాలీ దానంతట అదే జారింది. వీడు బండి మీద లేనేలేడు, నా పక్కన నిలబడుకొని ఉన్నాడు." చుట్టూ ఉన్న రైతులు అవునవునన్నారు. కబురంది వచ్చిన చెంగల్రాయుడూ తల ఊపాడు. ఒక బిడ్డ మట్టిలోకి పోయాడు, రెండోవాడు జైలుకు పోకూడదని పెద్దవాళ్ళ ఆరాటం. తప్పని అందామంటే నాకే నోరు రాదు. ధనంజయ మాత్రం "నేనే తీసినాను సార్ బండి" అని రెండుసార్లు అరిచాడు. "పాపం, మతి చెడింది పిల్లోడికి" అని ఎవరో నోరు మూసి పక్కకు లాక్కుపోయారు. అంతటితో ఊరంతా ఒక్క మాట మీద నిలబడిపోయింది. ట్రాలీ జారింది. దినాలప్పుడు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు. వచ్చినవాళ్ళు వాడి భుజం తట్టి, "ఎవురి రాత ఎట్లుంటే అట్ల జరగతాది, నీ తప్పేం లేదప్పా" అని, వడ్డించింది తిని, చేతులు కడుక్కుని పోయారు.

ఇదంతా ఒక ఎత్తు, తల్లి మొగిలమ్మ ఒక ఎత్తు.

మొగిలమ్మ నోరంటే ఆ వీధికి హడల్. గొడ్లకు నీళ్ళు పెట్టలేదంటే తిట్టు, పెట్టిన బిందె అక్కడే వదిలేస్తే తిట్టు, పొద్దుపోయి వస్తే తిట్టు, పొద్దున్నే పోతే తిట్టు. "ఒరే పాడుమొగమోడా" అని ఆమె వీధి మలుపు నుంచి మొదలుపెడితే శేఖర్, ధనంజయ ఇద్దరూ నవ్వాపుకుంటూ గోడ దూకేవాళ్ళు. తిట్టిన నోటితోనే, "ఒరే, సంగటి సల్లారిపోతా ఉండాది, వచ్చి తగలబడండి" అని పిలిచేది. ఆ ఇంట్లో ప్రేమకు వేరే భాష లేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ అవసరం పడలేదు.

అలాంటి మనిషి శేఖర్ పోయిన రోజు నుంచి ధనంజయను ఒక్క మాట అనలేదు. "తినినావా నాయనా?" అంటుంది. "ఇంగ రొంత ఏసుకో నాయనా" అంటుంది. పక్క తనే పరుస్తుంది. స్నానానికి నీళ్ళు తనే తోడిపెడుతుంది. ఆ నాయనా అన్న మాట వినబడిన ప్రతిసారీ ధనంజయకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. కావాలని గొడ్లకు నీళ్ళు పెట్టకుండా వదిలేశాడు. ఆమె మాట్లాడకుండా వెళ్ళి పెట్టొచ్చింది. కావాలని తాగి వచ్చాడు. ఆమె మొహం తుడిచి పడుకోబెట్టింది. ఒకరోజు కూర బాగాలేదని పింగాణీ ప్లేటు ఎత్తి నేలకేసి కొట్టాడు. శేఖర్ తినే ప్లేటది. తెలిసే కొట్టాడు, ఇప్పుడైనా నోరు తెరుస్తుందేమోనని. ఆమె కూర్చుని ముక్కలన్నీ ఏరి, నేల తడిగుడ్డ పెట్టి తుడిచి, ఇంకో ప్లేటులో అన్నం పెట్టుకొచ్చింది.

"కాలికి గుచ్చుకుంటాది, జాగ్రత్త నాయనా" అంది.

అదే రోజు ధనంజయ ఒక సంచిలో రెండు చొక్కాలు కుక్కుకుని తిరుపతి బస్సెక్కాడు. మళ్ళీ ఇంటికి పోలేదు. తల్లి ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తితే మళ్ళీ నాయనా అంటుంది కదా.

లాడ్జిలో పని దొరకడం కష్టమేమీ కాలేదు. కొండకు పోయే జనానికి లెక్కలేదు, మాసిన దుప్పట్లకూ లెక్కలేదు. పని చేయగలడు గానీ మనిషిగా మసలలేడు. ఊరికే కయ్యానికి కాలు దువ్వుతాడు. వాచ్‌మన్‌తో తగాదా, పాలవాడితో తగాదా, లిఫ్టు బాగుచేసేవాడితో తగాదా. ఎవడైనా ఒక్క దెబ్బ గట్టిగా కొడితే బాగుండునని లోపల ఒక ఆశ. కొట్టేవాడు దొరకలేదు. తిరుపతిలో జనానికి తొందర ఎక్కువ, ఎవడి దర్శనం టైము వాడిది.

ఒకనాడు పొద్దున్న రెండో అంతస్తులో ఒక కుటుంబం గది ఖాళీ చేస్తోంది. పెద్ద పిల్లాడు బ్యాగు మోయలేక చిన్నవాడి మీద విసుక్కున్నాడు. "పోరా, నువ్వు నాకు కనబడొద్దు" అన్నాడు. పిల్లలన్నాక అంటారు. ధనంజయ చేతిలో దుప్పట్ల మూట జారిపోయింది. పోయి ఆ పెద్దవాడి చొక్కా పట్టుకుని, "ఆ మాట మళ్ళా అంటే పళ్ళు రాలగొడతా! కనబడకపోతే ఏం సేస్తావురా? సెప్పు, ఏం సేస్తావు?" అని ఊపేశాడు. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్ళ నాన్న మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. మేనేజరు మునిప్రసాద్ కోపిష్టి, నోటికి హద్దులేని మనిషి. మెట్లెక్కి వస్తూనే, "ఎవుడబ్బ సొమ్మని గెస్టు బిడ్డ మీద సెయ్యేసినావురా" అని అందుకున్నాడు. ధనంజయ నిటారుగా నిలబడ్డాడు. వాడి కళ్ళలో ఒక వెలుగు వచ్చింది, నిజం చెప్పాలంటే. ఇదిగో, ఇన్నాళ్ళకు ఒక మగాడు దొరికాడు.

పక్కన దుప్పట్లు మడతపెట్టే గోవిందు, ఒకనాడు తాగినప్పుడు ధనంజయ చెప్పుకున్న సంగతే, మేనేజరు చెవిలో గొణిగాడు. మునిప్రసాద్ మొహం ఇట్టే మెత్తబడిపోయింది. "అట్లనా... తమ్ముడు పోయినాడా. పాపం. సరేలేప్పా, ఈ పొద్దు పండుకో, పని సెయ్యబాక" అన్నాడు.

ధనంజయ గోవిందును గోడకు అదిమి పట్టుకున్నాడు. "ఎందుకు సెప్పినావురా? ఆయప్ప తిట్టేదానికి వచ్చినాడు గదరా! తిట్టించుకోనీకుండా ఎందుకు అడ్డం పడినావు?"

గోవిందు తిరుపతివాడు, తాతయ్యగుంటలోనే పుట్టి పెరిగినవాడు. భయపడలేదు. వాడి చేతులు మెల్లిగా విడిపించుకున్నాడు.

"నీకు తిట్టాలని ఉండాదా, తిట్టించుకోవాలని ఉండాదా?" అని అడిగాడు.

"రెండూ."

"అయితే వచ్చేవారం గంగజాతర. బండ వేషం కడదువురా."

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. తిరుపతిలో గంగమ్మ జాతర వారం పొడుగునా జరుగుతుంది, రోజుకొక వేషం. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడొకడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడట. వాణ్ణి బయటికి లాగడానికి ఆ తల్లి రోజుకొక వేషం కట్టి, నోటికొచ్చిన తిట్టల్లా తిడుతూ ఊరంతా గాలించిందట. బండ వేషం రోజు మొక్కున్నవాళ్ళు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, పూలు చుట్టుకుని, చేతిలో వేపమండ పట్టుకుని వీధిలోకి దిగుతారు. ఎదురుపడినవాణ్ణి బండబూతులు తిడతారు. తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకోడు కూడా. నోరు తెరిచింది అమ్మవారని నమ్మకం. ఆ తిట్టు తగిలితే ఏడాది పీడ పోతుందంటారు. తిట్టు ఇంత గౌరవంగా బతికే ఊరు ఇంకొకటి ఉందో లేదో నాకు తెలీదు.

ధనంజయకు మొక్కూ లేదు, భక్తీ లేదు. శేఖర్ పోయాక దేవుడి పటం ఎదురుపడినా మొహం తిప్పుకునేవాడు. కానీ ఊరి మీద పడి తిట్టొచ్చనే మాట వాడికి బాగా నచ్చింది. గోవిందు వాళ్ళమ్మ వాడికి తలంటి పోసి, ఒళ్ళంతా కుంకుమ మెత్తింది. కనురెప్పల మీద కూడా వదల్లేదు. కనకాంబరాల దండ తలకు చుట్టింది. "నోరు కట్టేసుకోబాక బిడ్డా. కడుపులో ఉండేదంతా కక్కెయ్. అమ్మ వింటాది" అంది.

వీధిలోకి దిగాడు. అబ్బో, ఏం తిట్టాడని! సగం తిట్లు అచ్చులో పెట్టడానికి వీల్లేదు. మిగిలిన సగం పెట్టినా మీరు నన్ను తిడతారు. కొబ్బరికాయలవాణ్ణి తిట్టాడు, బందోబస్తు పోలీసును తిట్టాడు, స్కూటరు మీద పోతున్న పెద్దమనిషిని ఆపి, "నీ మూతికి నిప్పు పెట్ట, యాడికిరా అంత తొందర? ముందు ఎవుడన్నా సందులో దూరతాడని భయమా? దిగి సూడరా కింద! వంగి సూడరా!" అని గొంతు చించుకున్నాడు. పెద్దమనిషి స్కూటరు ఆపి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టాడు. ఒకామె చంటిపిల్లను ఎత్తుకొచ్చి, "దీనికి దిష్టి ఎక్కువ తల్లీ, ఒక మాట తిట్టి పోమ్మా" అని అడిగింది. బిందెతో పసుపునీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోసేవాళ్ళు కొందరు. తిట్టు ఎంత కఠినమైతే వాళ్ళ మొహాలు అంత వికసిస్తున్నాయి.

చూడండి వాడి ఖర్మ! ఏడాదిగా తిట్టించుకోవడానికి తిరిగినా తిట్టేవాడు దొరకలేదు. ఇప్పుడు తిడుతుంటే ఉడుక్కునేవాడైనా దొరకడే! అందరూ నవ్వుతారు, దణ్ణాలు పెడతారు, చల్లగా చూడు తల్లీ అంటారు. ధనంజయకు పిచ్చెక్కిపోయింది. గంగమ్మ గుడి దగ్గర పడేసరికి గొంతు బొంగురుపోయి, కళ్ళలో కుంకుమ దిగి మండుతోంది.

గుడి ముందర జనంలో మొగిలమ్మ నిలబడి ఉంది. తలమీద పూజ సామాను గంప. పక్కన ఆమె తమ్ముడు కుప్పయ్య. ఏటా వచ్చేవాళ్ళే. ఈ ఏడు ఆమె మొక్కు ఒక్కటే, ఇల్లు వదిలిపోయిన కొడుకు ఇంటికి రావాలని. ఎదురుగా ఎర్రటి మనిషి వచ్చి నిలబడితే ఎవరో వేషగాడనుకుని ఇద్దరూ చేతులు జోడించారు.

"కుప్పిగా!"

కుప్పయ్య ఉలిక్కిపడ్డాడు. గొంతు తెలిసింది.

"హారను కొట్టినోడా! సందయ్యింది, సందయ్యిందని అరిచినోడా! ఆ సందులో యాడికి దూరినావురా? లోడు దించినావా? ఇల్లు కట్టినావా? ట్రాలీ జారిందా? ట్రాలీ కాదురా, నీ నాలిక జారింది! నేను బండి మీద లేనంటివే! ఎవుడు కూసున్నాడురా ఆ సీట్లో, మీ అబ్బ కూసున్నాడా?"

చుట్టూ జనం పకపకా నవ్వారు. కుప్పయ్య నవ్వలేదు. అయినా వంచిన తల ఎత్తకుండా, జోడించిన చేతులు దించకుండా, "తిట్టు తల్లీ. ఇంగా తిట్టు. తగలనీ నాకు" అన్నాడు.

"తల్లినా! నేను తల్లిని కాదురా! ధనంజయను! తమ్ముణ్ణి తొక్కించి సంపినోణ్ణి! ఇనండి అందరూ, నేనే బండి తీసినాను!"

"అమ్మ ఒంటిమీదికి వచ్చేసింది!" అని ఎవరో అరిచారు. ఒక ముసలామె గబగబా వచ్చి వాడి పాదాల మీద పసుపునీళ్ళు కుమ్మరించింది. కర్పూరం వెలిగించారు. నిజం చెబితే హారతి పడుతున్నారు! ధనంజయ వేపమండ విసిరికొట్టి తల్లి వైపు తిరిగాడు.

మొగిలమ్మ గంప దించి నేలమీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"నువ్వు గూడా దణ్ణం పెడతావామ్మా నాకు? నోరు పడిపోయిందా నీకు? గొడ్లకు నీళ్ళు పెట్టకపోతే ఏడుతరాలూ తవ్వి తిట్టినావే! ఉప్పు ఒలకబోస్తే తిట్టినావే! బిడ్డను సంపుకొచ్చినాను గదా, దానికి ఒగ తిట్టు లేదా నీ కాడ? నాయనా, నాయనా అంటావే, ఎవురికి నాయన నేను? సెప్పు! శేఖరు నీ బిడ్డ కాదా? నీ కడుపున పుట్టలేదా వాడు?"

"ఏమంటివిరా?"

ఆ గొంతు ధనంజయ ఏడాదిగా వినలేదు. వీధి మలుపు నుంచి వచ్చే పాత గొంతు. అది విని వాడింకా తేరుకోకముందే చెంప ఛెళ్ళుమంది. మొగిలమ్మ అరచెయ్యంతా ఎర్రగా అయింది.

"నా బిడ్డ కాదా వాడు? నా బిడ్డ కాదంటావా, నీ నోట్లో మన్నుబడ! నువ్వేరా సంపినావు! నువ్వే! వంగి సూడలేదు నువ్వు! ఒగ తూరి నడుం వంచేదానికి నీకేం పుట్టింది? రేకుమీద కొట్టేదానికి సెయ్యి రాలేదా? ఎవుడో దూరతాడని, నా బిడ్డ మింద ఎక్కించినావు గదరా! వాణ్ణి నీకు తోడు పంపినాను. అన్న కాడ ఉంటాడులే, భయం లేదని పంపినాను! అన్నంట, అన్న!"

జనం నవ్వులు ఆగిపోయాయి. పసుపునీళ్ళ ముసలామె బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"అక్కా, గమ్మునుండు" అని కుప్పయ్య చెయ్యి పట్టుకోబోయాడు. "ఎవురి తప్పూ..."

"నువ్వు నోరు ముయ్యి! ఎవురి తప్పూ లేకపోతే నా బిడ్డ యాడరా? తీసకరా పో!" అని ఆయన్ని విదిలించి, మళ్ళీ కొడుకు మీద పడింది. రెండు చేతులా వాడి గుండెల మీద బాదుతోంది. "పొద్దున లేస్తానే నిన్ను తిట్టుకుంటా ఉండానురా. పొయ్యికాడ తిట్టుకుంటా ఉండా. నీకు అన్నం పెడతా తిట్టుకుంటా ఉండా. అంతా కడుపులోనే. బయటికి అంటే నువ్వు యాడ తాడు ఎతుక్కుంటావో, యాడ బాయిలో దూకతావో అని, కొంగు నోట్లో కుక్కుకొని బతకతా ఉండా. ఒగడు పోయినాడు. నువ్వు గూడా పోతే నేను ఎవుర్ని తిట్టాలరా? సెప్పు, ఇంట్లో గోడల్ని తిట్టాల్నా?"

ధనంజయ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎన్నాళ్ళుగానో వాడు వెతుకుతున్న మాట అది. నువ్వే చంపావు. విన్నాడు. వింటే ఊపిరి ఆగిపోతుందనుకున్నాడు, ఆగలేదు. శేఖర్ పోయిన రోజు నుంచి ఒక్క చుక్క రాల్చని కళ్ళు ఒక్కసారిగా చెరువు కట్టల్లా తెగిపోయాయి. కుంకుమ మీద నీళ్ళు కారి గుండెల దాకా చారలు పడ్డాయి. తల్లి కాళ్ళు పట్టుకుని, తల నేలకు ఆనించి, బిగ్గరగా ఏడ్చాడు.

"ఇంగా తిట్టమ్మా" అన్నాడు. "ఆపబాక. ఇంగా తిట్టు."

మొగిలమ్మ రొప్పుతోంది. నోరు తెరిచింది. గొంతు రాలేదు. వాడి పక్కనే నేలమీద చతికిలబడి, కొంగుతో మొదట తన మొహం తుడుచుకుని, అదే కొంగుతో వాడి ముక్కు గట్టిగా నలిపినట్టు తుడిచింది.

"ఈ పొద్దుకు గొంతు పోయింది" అంది. "ఇంటికి రా. దినామూ తిడతా. నేను సచ్చేదాకా తిడతా. రా."

గుడిలోకి పోయి మొక్కు తీర్చుకుని, ముగ్గురూ బస్టాండుకు నడిచారు. కుప్పయ్య నాలుగడుగుల వెనకే వచ్చాడు. ధనంజయకు లాడ్జికి పోయి బట్టలు మార్చుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. పాకాల బస్సులో జనం కిటకిటలాడుతున్నారు. ఎర్రటి ఒళ్ళు, తలకు పూలు చూసి ఒకామె గబుక్కున లేచి దణ్ణం పెట్టింది.

"కూసో తల్లీ, కూసో" అని తన సీటు చూపించింది.

"తల్లీ లేదు, గిల్లీ లేదు. వీడు నా కొడుకు" అంది మొగిలమ్మ, ఆ బొంగురు గొంతుతోనే. "సీటంతా కుంకుమ సేస్తాడు పాడుమొగమోడు. నిలబడనీ."

ధనంజయ పైకమ్మీ పట్టుకుని, పాకాల దాకా తల్లి పక్కనే నిలబడి వెళ్ళాడు.